శనివారం ఒక్కపొద్దు, జైన్ టోస్టు

మా ఆఫీసు కింద శాండ్‌విచ్ బండి పెట్టే భయ్యాకి నా పేరు తెలియదు. పదకొండేళ్లుగా అతనికి నేను "బీట్ నహీ, చట్నీ జ్యాదా"ని, అంటే బీట్‌రూట్ వద్దు, చట్నీ ఎక్కువ. నా వెనక నిలబడే ఇన్సూరెన్సు ఆయన "కాందా నహీ, డబల్ టోస్ట్" (కాందా అంటే ఉల్లిపాయ). లిఫ్టులు బాగుచేసే కుర్రాడు "సాదా, బటర్ మార్‌కే". నేను ఒకరోజు సెలవు పెడితే, మర్నాడు పక్కన ఉల్లిపాయలు ఒలుస్తున్న తమ్ముడితో "కల్ బీట్ నహీ నహీ ఆయీ థీ" అంటాడు, నిన్న 'బీట్ నహీ' రాలేదని. ఆ రెండు నహీలకీ మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తేనే వింతగా ఉంటుంది.

పోయిన నెల ఒక శనివారం మా అవ్వను అక్కడికి తీసుకెళ్లాను. (అవ్వ అంటే మా సిరిసిల్ల వైపు అమ్మ. కోస్తా స్నేహితులు ప్రతిసారీ నాయనమ్మ అనుకుంటారు, అందుకే చెప్తున్నా.) ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను గానీ, ముందు బండి గురించి చెప్పకపోతే అవ్వ మాటలు సగం అర్థం కావు.

ముంబైలో లోయర్ పరేల్ స్టేషన్ నుంచి ఆఫీసుల వైపు వచ్చే దారిలో, ఒకప్పటి బట్టల మిల్లు గోడకి ఆనుకుని ఉంటుంది ఇది. బండి అంటున్నాను గానీ దానికి చక్రాల్లేవు. నడుమెత్తు స్టీలు బల్ల, పైన నీలం టార్పాలిన్, కింద గ్యాస్ సిలిండరు, మైనం కాగితం చుట్టిన బ్రెడ్డు ప్యాకెట్ల దొంతర. కుర్చీలు లేవు. గోడ వారన అరుగులాంటిది ఒకటుంది. దాని మీద నలుగురు పడతారు. ఐదోవాళ్లు కూర్చుంటే మొదటివాళ్లు కాలవలోకి జారతారు. మిగతా అందరం నిలబడే తింటాం. ఒక చేతిలో పేపరు ప్లేటు, ఇంకో చేతిలో ఫోను, మెళ్లో ఆఫీసు కార్డు.

పన్నెండున్నర దాకా ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఒంటిగంట అయిందంటే చుట్టుపక్కల టవర్ల లిఫ్టులన్నీ ఒక్కసారే జనాన్ని కిందికి దించుతాయి. ఒకరోజు ఊరికే లెక్కపెట్టాను. అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకి ఉండే జబ్బే ఇది. 1.05 నుంచి 1.35 దాకా అన్నదమ్ములిద్దరూ కలిసి 41 ప్లేట్లు ఇచ్చారు. కాగితం మీద ఏదీ రాసుకోరు. ఎనిమిది మంది ఒకేసారి అరిచినా ఎవరిది వాళ్ల చేతికే వస్తుంది. ఈ పదకొండేళ్లలో నా ప్లేటు రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ బీట్‌రూట్ వచ్చింది. రెండుసార్లూ నోరు మూసుకుని తినేశాను, ఎందుకంటే వెనక ఉన్న పదిహేను మంది ముందు "ఇది నాది కాదు" అనడానికి చాలా ధైర్యం కావాలి.

హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని కూతురు ఒకసారి ఫోన్లో అడిగింది, "బ్రెడ్డు మధ్యలో కీరా, టమాటా పెట్టడానికి లైన్లో నిలబడ్డమేంది అక్కా" అని. మాటల్లో చెప్తే అంతే మరి. చూడాలి. అమూల్ వెన్న పెద్ద దిమ్మ పొద్దున్నే డబ్బాలో బయట పెట్టి ఉంచుతాడు, మధ్యాహ్నానికి అది చెప్పినట్టు వింటుంది. వెడల్పు చాకుతో బ్రెడ్డు మూలల దాకా, ఒక్క వేలెడు చోటు వదలకుండా పూస్తాడు. అది అతని పెద్ద మనసు అనుకునేదాన్ని చాలాకాలం. కాదట. కీరా, టమాటా నీళ్లు వదులుతాయి. వెన్న లేనిచోట ఆ నీళ్లు బ్రెడ్డులోకి దిగి, పట్టుకోగానే చేతిలో ఊడిపోతుంది. వెన్న ఉన్నచోట దిగవు. "వాన కోటు" అన్నాడు హిందీలో, ఆ సమయానికి వాన కూడా పడుతోంది.

వెన్న మీద పచ్చ చట్నీ. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, అల్లం, నిమ్మరసం, నల్ల ఉప్పు, చిక్కబడటానికి కాసిని పుట్నాలు. మిక్సీ వేడికి కొత్తిమీర నల్లబడుతుందని నీళ్లకి బదులు ఐసు ముక్కలు వేస్తాడు. ఈ ఒక్క చిట్కా ఇంట్లో పాటిస్తున్నాను, నిజంగానే పచ్చగా ఉంటుంది. తర్వాత ఉడికించిన ఆలుగడ్డ, కీరా, టమాటా, ఉల్లిపాయ, నేను వద్దనే ఆ బీట్‌రూట్. ఇవేవీ పీట మీద తరగడు. కూరగాయ ఎడమ చేతిలో, చాకు బొటనవేలి వైపు వస్తూ ఉంటుంది, చక్రాలు కాగితం అంత పలచగా సరాసరి బ్రెడ్డు మీద రాలతాయి. ఒక్కో వరస మీదా డబ్బాలోంచి మసాలా చల్లుతాడు: వేయించిన జీలకర్ర, నల్ల ఉప్పు, ఆమ్‌చూర్ తెలుస్తాయి, మిగతావి చెప్పడు. మసాలా ఊరినుంచి ఇంటావిడ పంపుతుందంటాడు. నాకు నమ్మకం లేదు.

నేను తినేది మసాలా టోస్ట్. మన దోసెలో పెట్టే కూర ఉంటుంది చూడండి, పసుపూ ఆవాలూ పచ్చిమిర్చీ వేసిన ఆలుగడ్డ కూర, అది కూడా మధ్యలో పడుతుంది. అప్పుడు దాన్ని పొడుగు కాడలున్న రెండు రేకుల మధ్య బిగించి మంట మీద పెడతాడు. రేకు బయటికి పొడుచుకొచ్చిన బ్రెడ్డును చాకుతో గీకేస్తాడు, అటు తిప్పి ఇటు తిప్పి, మూత తీయకుండానే వాసన బట్టి అయిందో లేదో తెలుసుకుంటాడు. తీశాక పైన మళ్లీ వెన్న, ఆరు ముక్కలు, మీద సన్న కారప్పూస, పక్కన చట్నీ, కెచప్. 60 రూపాయలు. చీజ్ వేయిస్తే ఇంకా ఎక్కువ అవుతుంది. నేను వేయించను. చీజ్ వేస్తే అన్ని రుచులూ ఒకే రుచి అయిపోతాయి. ఆఫీసులో పాతికేళ్ల పిల్లలు ఈ మాటకి నన్ను జాలిగా చూస్తారు.

ఇంతకుముందు టోస్టు బొగ్గుల కుంపటి మీద చేసేవాడు. 2025 జనవరిలో, కట్టెలూ బొగ్గూ వాడే బేకరీలు, హోటళ్లు ఆరు నెలల్లో గ్యాసుకో కరెంటుకో మారాలని బొంబాయి హైకోర్టు చెప్పింది. దాని తర్వాత ఊరంతా ఇదే మాట. తననెవరైనా అడిగేలోపే భయ్యా సిలిండరు తెచ్చుకున్నాడు. రుచిలో తేడా లేదని అతను, ఉందని ఇన్సూరెన్సు ఆయన. రోజూ లైన్లో అదే పంచాయితీ. నన్నడిగితే ఉంది. పొగ వాసన పోయింది. కానీ మే నెలలో ఆ కుంపటి పక్కన రెండు నిమిషాలు నిలబడినవాళ్లెవరూ బొగ్గు తిరిగి రావాలని కోరుకోరు. అతనైతే రోజంతా నిలబడ్డాడు.

ఇంకొక్కటి చెప్పి అవ్వ దగ్గరికి వస్తాను. ఏడాదికి నాలుగైదుసార్లు వీధి చివర్నుంచి "గాడీ ఆయా" అని కేక వస్తుంది. బండ్లు ఎత్తుకెళ్లే మునిసిపాలిటీ వ్యాను అన్నమాట. కేక వినపడిన రెండు నిమిషాల్లో అక్కడ బండి ఉన్నట్టు ఆనవాలుండదు. బల్ల మడత పడుతుంది, సిలిండరు పాన్ డబ్బా వెనక్కి పోతుంది, తినేవాళ్లం ప్లేట్లు పట్టుకుని అమాయకంగా ఫోన్లు చూసుకుంటాం. ఒకసారి చట్నీ గిన్నె నా చేతిలో పెట్టి తమ్ముడు పరిగెత్తాడు. ఐదు కిలోల స్టీలు గిన్నెతో మా ఆఫీసు లాబీలో ఇరవై నిమిషాలు సోఫాలో కూర్చున్నాను. సెక్యూరిటీ ఆయన వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, ఏమీ అనకుండా వెళ్లి, ఒక పాత పేపరు తెచ్చి నా ఒళ్లో పరిచాడు. ఆయన "సాదా టోస్ట్, మిర్చీ కమ్".

ఇక అవ్వ.

అవ్వకి ఈ మధ్యే కుడి కంటికి శుక్లం తీశారు. ఆ శనివారం పొద్దున పరేల్‌లో కంటి పరీక్ష. కంట్లో మందు చుక్కలు వేసి, నాలుగైదు గంటలు మసకగా ఉంటుందని నల్ల కళ్లద్దాలు పెట్టి పంపారు. ఆమె మా తమ్ముడితో వర్లీలో ఉంటుంది, నేను బోరివలిలో. నెలలో రెండు శనివారాలు మాకు ఆఫీసు ఉంటుంది. ఆ రోజు సగం సెలవు పెట్టాను గానీ ఆడిట్ ఫైలు ఒకటి ఇంటికి తెచ్చుకోవాలి. టాక్సీలో ఇటు వచ్చేసరికి ఒంటిగంటంపావు.

"ఆకలైతుందా అవ్వా?"

"ఇయ్యాల శనివారం గదనే. అన్నం ముట్ట."

మర్చిపోయాను. శనివారాలు ఆమెకి ఒక్కపొద్దు. ఊళ్లో ఎలా ఉంటారో గానీ అవ్వ పద్ధతి ఇది: పగలు అన్నం తినదు, పలారం తింటుంది. పొద్దుగూకి వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టినంక అన్నం. ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. ఉప్మా పలారమే, చపాతీ పలారమే, సగ్గుబియ్యం పలారమే. పూరీ విషయంలో ఆమెకీ వాళ్ల చెల్లెలికీ నలభై ఏళ్లుగా తేలలేదు.

"బ్రెడ్డు పలారమేనా?" అన్నాను.

అవ్వ కాసేపు ఆలోచించింది. నల్ల కళ్లద్దాలతో ఆలోచిస్తుంటే జడ్జిలాగా ఉంది. "దేంతోని చేస్తరు?"

"మైదా."

"మైదా ఏడికెల్లి అస్తది?"

"గోధుమల్నుంచే."

"మరింకేంది. పలారమే. ఉల్లిగడ్డ లేకుంట చెయ్యమను."

శనివారం కాబట్టి జనం పలచగా ఉన్నారు. అరుగు మీద చోటు దొరికింది. అవ్వను కూర్చోబెట్టి, ఉపవాసం, ఉల్లిపాయ వద్దు అని చెప్పాను. భయ్యా తలూపాడు. "మాజీ కో జైన్ బనా దేతా హూఁ." అమ్మగారికి జైన్ చేసిస్తానని. ముంబైలో జైన్ అంటే ఉల్లి, వెల్లుల్లి మాత్రమే కాదు, భూమిలో కాసేవేవీ ఉండవు. ఆలుగడ్డ బదులు ఉడికించిన అరటికాయ పడుతుంది. నేను చెప్పేలోపే అవ్వ అక్కడినుంచి, యాభై ఏళ్ల బొంబాయి హిందీలో, "అరే బాబా, ఆలూ చల్తా హై! కాందా నహీ చల్తా!" అని అరిచింది. అప్పటికే అరటికాయ మెదిపి బ్రెడ్డు మీద పరిచేశాడు. తీసేయనా అని అడిగాడు. "ఉండనీయ్, పెట్టినంక తీసుడేంది" అంది తెలుగులో. అతనికి అర్థమైంది. ఎలా అర్థమైందో అడగకండి.

సిరిసిల్ల పద్మశాలీల ఇంటి కోడలు, వెంకటేశ్వరస్వామి ఒక్కపొద్దున, మిల్లు గోడ కింద కూర్చుని జైన్ టోస్టు కోసం ఎదురుచూస్తోంది. ఫోటో తీశాను. కళ్లద్దాలు తీయనంటే అలాగే తీశాను.

"ఇది ఏ మిల్లు గోడనే?" అంది.

చెప్పాను. చెయ్యి వెనక్కి చాపి గోడను తడిమింది. పెద్దగా ఏమీ కాలేదు, వేలికి సున్నం అంటితే కొంగుకి తుడుచుకుంది. "గేటు గీ పక్కకే ఉండె" అంది. నిజమే. ఆ గేటు ఉన్నచోట ఇప్పుడు కార్ల పార్కింగు టోకెను ఇచ్చే మిషను ఉంది. అది నేను చెప్పలేదు, ఆమెకి ఆ రోజు పది అడుగుల అవతలిది కనబడటం లేదు.

మా తాత గుంట మగ్గంలోంచి లేచి బొంబాయి రైలెక్కినవాడు. సిరిసిల్ల, కరీంనగర్, నల్గొండ వైపునుంచి పద్మశాలీలు అలా ఎంతమంది వచ్చారో! మిల్లులో నేత ఖాతాలో సాంచెల మీద పని. మరమగ్గాన్ని సిరిసిల్లలో ఇప్పటికీ సాంచె అనే అంటారు, అప్పట్లో ఇక్కడి మిల్లుల్లోనూ అదే మాట. వర్లీలో బీడీడీ చాల్‌లో, అంటే ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పాత వరస ఇళ్లలో, ఒక గది. 160 చదరపు అడుగులు. ఆ గదిలో ఇంటివాళ్లం ఏడుగురం ఉండగా, మా నాయనమ్మ ఖానావళ్ నడిపేది.

ఖానావళ్ అంటే తెలియనివాళ్లకి: పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చిన మిల్లు కార్మికులకి నెల లెక్కన అన్నం పెట్టే ఇల్లు. హోటలు కాదు, బోర్డుండదు. ఆ ఇంటి ఆడవాళ్లే వండి వడ్డిస్తారు. పరేల్, వర్లీ, లాల్‌బాగ్ నిండా అవే ఉండేవి. మరాఠీ వాళ్లది మరాఠీ వంట, మనవాళ్లకి మన వంట. 1975లో సామాజిక కార్యకర్త ప్రేమా పురవ్ అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టి ఈ ఆడవాళ్లకి బ్యాంకు అప్పులు ఇప్పించడం మొదలుపెట్టారు. మా నాయనమ్మ చేరలేదు. వేలిముద్ర ఒకసారి వేస్తే గది రాయించుకుంటారని ఎవరో చెప్పారట.

"ఇర్వై ఇద్దరికి వండేది మా అత్త" అంది అవ్వ. "నేను లగ్గమై అచ్చిన మూడో దినమే నా చేతుల డబ్బ పెట్టింది. పొద్దటి షిప్టుకు పోయినోళ్లకు గేటు కాడికి తీస్కపోవాలె. భోంగ మోగంగనే అందరు ఒక్కపారి బయటికి అస్తరు. ఎవ్వని డబ్బ వానికియ్యాలె. ఒకనికి పులుపు పడది, ఒకనికి మక్కరొట్టె గావాలె, ఒకడు మంగళారం నీసు ముట్టడు. కాయిదం లేదు, పెన్ను లేదు."

భోంగా అంటే మిల్లు సైరను. లగ్గం 1973లో. అవ్వకి అప్పుడు పంతొమ్మిదేళ్లు, హిందీ రాదు, మరాఠీ రాదు.

"పేర్లు గుర్తుండేవా?"

"పేర్లెందుకే? పులుపు పడనోడు, మక్కరొట్టెటోడు. గట్లనే పిలుస్తుంటిమి."

నేను బల్ల వైపు చూశాను. భయ్యా ఎవరికో ప్లేటు అందిస్తూ "ఏయ్ చీజ్ కమ్, లే" అంటున్నాడు.

1982 జనవరి 18న బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపు, దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు. అది అయిపోయిందని అధికారికంగా ఎవరూ ప్రకటించలేదంటారు ఇక్కడ, సగం వెటకారంగా, సగం నిజంగా. నాకు మూడేళ్లు, ఏమీ గుర్తులేదు. అవ్వకి గుర్తున్నది వేరే. మొదటి నెల అందరికీ అరువు మీద పెట్టారు. రెండో నెలా పెట్టారు. మూడో నెలకి ఒక్కొక్కరే ఊరికి పోయారు, చెప్పి కొందరు, చెప్పకుండా కొందరు. బాపు (మా నాన్న) మిల్లులో బద్లీ, అంటే పర్మినెంటు వాళ్లు రానిరోజున వెళ్లేవాడు. అతను భివండీలో పవర్‌లూముల మీదికి పోయాడు. నాయనమ్మ దగ్గర బాకీల వహీ, అంటే లెక్కల పుస్తకం, ఒకటి మిగిలింది. అట్ట ఎర్రగా ఉండేది, నేను చూశాను. అందులో పేర్లు తాత రాసినవి.

"ఎంతమంది తిరిగి ఇచ్చారు?"

"సగం మంది. ఒకడు పదేండ్లకు అచ్చి ఇచ్చిండు. సిరిసిల్లకెల్లి. మా అత్త గప్పటికే సచ్చిపోయింది. వానికి అన్నం పెట్టి పంపిన." కాస్త ఆగి, "పులుపు పడనోడు" అంది.

టోస్టు వచ్చింది. వేడిగా ఉందని నేను ఒక ముక్క విరిచి ఆమె చేతిలో పెట్టాను. ఆమె ముందు వాసన చూసింది. తర్వాత అంచు కొరికింది, కరకరమన్న చప్పుడు నాకు వినిపించింది. నమిలింది. నేను, భయ్యా, ఇద్దరం ఆమె మొహం చూస్తున్నాం. అతనెందుకు చూస్తున్నాడో నాకు తెలియదు, రోజుకి అన్ని వందలమందికి పెట్టేవాడు.

"ఎట్లుంది?"

"కరకర బాగుంది. పులుపు బాగుంది. కారం లేదు." ఇంకో ముక్క. "అరటికాయ అని తెల్వనే తెల్వది." ఇంకోటి. నాలుగు ముక్కలు తిని, రెండు నాకిచ్చింది. "మంచిగనే ఉన్నది గని, తిన్నట్టు లేదే. ఇది నడిమిట్ల తినేది. మీరందరు రోజు ఇదే తిని పని చేస్తుండ్రా?"

రోజూ కాదు, వారానికి రెండు రోజులు అన్నాను. అబద్ధం. నాలుగు రోజులు.

అప్పుడు అవ్వ కొంగు సర్దుకుని, బల్ల ఎటుందో చప్పుడు బట్టి అటు తిరిగి, అడిగింది. "బాబా, తూ క్యా ఖాతా హై?"

ఈ పదకొండేళ్లలో నాకు ఒక్కసారీ తట్టని ప్రశ్న. అతను రోజంతా ఏం తింటాడో నేను ఎన్నడూ చూడలేదు. నేను దిగేది ఒంటిగంటకి, ఎక్కేది ఒకటిన్నరకి. శాండ్‌విచే తింటాడనుకున్నానేమో, అసలు ఏమీ అనుకోలేదేమో.

భయ్యా నవ్వి, బల్ల కిందినుంచి ఒక డబ్బా తీశాడు. నాలుగు గిన్నెల స్టీలు డబ్బా, మూత మీద ఎర్ర పెయింటుతో ఒక గీత. మూడున్నరకి రద్దీ తగ్గాక అన్నదమ్ములిద్దరూ తింటారట. ఎక్కడిది అని అవ్వ అడిగింది. డిలైల్ రోడ్ చాల్‌లో ఒకావిడ వండుతుంది. సతారా వైపువాళ్లు. ఆవిడ కొడుకు పన్నెండింటికి తెచ్చి ఇస్తాడు, ఈ వీధిలో ఇంకా ఆరుగురికి కూడా. పాన్ డబ్బా అతను, కొబ్బరిబోండాల అతను, మా సెక్యూరిటీ ఆయన.

"ఖోల్" అంది అవ్వ. తెరవమని.

నాకు ప్రాణం పోయినంత పనయింది. "అవ్వా, వద్దు, బాగుండదు" అన్నాను. కానీ అతను అప్పటికే మూత తీసి ఆమె మొహం దగ్గర పట్టుకున్నాడు, ఆమెకి సరిగ్గా కనబడదని అర్థమై. అన్నం, పప్పు, బెండకాయ, నాలుగు చపాతీలు, ఒక మూల మామిడికాయ పచ్చడి. అవ్వ వంగి వాసన చూసింది.

"చూసినవా" అంది నాతో. "అన్నమే."

గెలిచినట్టుంది ఆ మొహం. తర్వాత భయ్యాతో హిందీలో ఏదేదో మాట్లాడింది. పప్పులో నీళ్లెక్కువున్నాయనీ, బెండకాయ బాగా వేయించిందనీ, చపాతీలు మధ్యాహ్నానికి గట్టిపడకుండా పిండిలో కాస్త నూనె కలపమని ఆవిడకి చెప్పమనీ. అతను జీ మాజీ, జీ మాజీ అంటున్నాడు. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు వచ్చి నిలబడ్డారు, వాళ్లూ వింటున్నారు.

డబ్బులిచ్చేటప్పుడు ఇంకో గొడవ. నా మసాలా టోస్ట్ 60, ఆమె జైన్ టోస్ట్ 70. అరటికాయ టోస్టుకి పది రూపాయలు ఎక్కువెందుకని అవ్వ పట్టుకుంది. అరటికాయలు రోజూ ఒకే ధర ఉండవు, మిగిలితే పారేయాలి అని అతను. మిగిలితే రాత్రికి వేపుడు చేసుకోవచ్చు, పారేసుడెందుకు అని ఈమె. పది రూపాయలు తగ్గించాడు. టాక్సీ ఎక్కాక, నా ఫోను లాక్కుని ఆ పది రూపాయలు మళ్లీ అతనికి పంపించమంది. "బేరం చేసుడు వేరు, పైసలు వేరు" అట. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు గానీ పంపించాను.

ఆ రాత్రి దీపం పెట్టి అన్నం తిన్నాక ఫోన్ చేసింది. కళ్లు తేటగా ఉన్నాయని చెప్పడానికి కాదు. "ఆ సతారామె నెలకు ఎంత తీస్కుంటదట?"

"నేనెట్ల అడుగుతనే?"

"నోటితోని."

సోమవారం ఒంటిగంటకి దిగాను. రద్దీ. నా ముందు తొమ్మిది మంది. భయ్యా నన్ను చూడగానే, "మాజీ కా ఆంఖ్ కైసా హై?" అని అక్కడినుంచే అరిచాడు. లైనంతా తిరిగి నన్ను చూసింది. బాగుందని చెప్పాను. నా వంతు వచ్చాక గొంతు తగ్గించి, డబ్బాకి నెలకి ఎంతిస్తారు అని అడిగాను. ఒక పూటకి, ఒక మనిషికి మూడు వేలట. ఆదివారం ఉండదట.

అక్కడే నిలబడి ఫోన్లో అవ్వకి చెప్పాను. ఆమె మనసులో లెక్క వేస్తున్నట్టు మౌనం. తర్వాత, "ఆదివారం లేకుంటె మరి ఏం తింటరు పాపం?"

ఫోను పక్కకి పెట్టి అదే అడిగాను. భయ్యా టోస్టరు తిప్పుతూనే తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు సిగ్గుపడ్డాడు.

"శాండ్‌విచ్" అన్నాడు.